తోక డబ్బా

రాయగడ యార్డులో రాత్రి రెండూ నలభై.
యాభై ఎనిమిది పెట్టెల అవతల
కంకర మీద మోకాళ్ళానించి
కప్లింగు దవడలో డబ్బా బిగిస్తున్నాను.
పసుపుది. పద్నాలుగు కిలోలు.
నెత్తిన వేలెడు ఏంటెన్నా, నుదుట ఎర్రదీపం.
బ్రేకు గొట్టం నోటికందించి కాకు తిప్పితే
బుస్సున గాలి మింగి
లెక్క చెప్పింది:
నాలుగు పాయింట్ ఏడు.

ముందు ఇంజనులో అయిదు.
తేడా ఏమైందని ఎవరూ అడగరు.
అరకిలోమీటరు దాటిన పొడుగున
రబ్బరు కీళ్ళన్నీ తలా చిటికెడు తింటాయి,
చేతులు మారి ఇల్లు చేరే కూలి డబ్బుల్లాగ.

సరిగ్గా ఈ చోటే
నారంనాయుడి బ్రేకువ్యాను తగిలించేవారు.
ముప్పయ్యొక్కేళ్ళు
వెనక్కి చూస్తూ ముందుకు పోయిన మనిషి.
ఏ ఊరైనా
దాటిపోయాకే ఆయనకి కనబడేది.

ఆఖరి డ్యూటీ దిగిన పొద్దు
జెండాల పెట్టె కింద పెట్టి
డబ్బాని చెప్పు మొనతో తట్టాడు.
"ఏటిరా, దీనికి ఒంటేలు రాదా?"
"రాదండి."
"సలెయ్యదా?"
"వెయ్యదు."
"మరింకేటి, నాకన్నా నయం."
నవ్వాడు.
నాకు ఎటు చూడాలో తెలీక
స్పేనరు తుడిచాను.

లక్ష్మీపూర్ ఘాటులో ఓ ముసురు రాత్రి
కప్లింగు తెగి తొమ్మిది పెట్టెలు వాలులో నిలబడిపోతే
టార్చి పళ్ళ మధ్య కరిచి
ఒక్కో హేండుబ్రేకూ తిప్పుకుంటూ వెళ్ళాడట.
ఆయన చెప్పలేదు. పాయింట్స్‌మేన్ చెప్పాడు.
డబ్బా అయితే సున్నా అని పంపుతుంది.
అబద్ధమాడదు.
చక్రమూ తిప్పదు.

వెళ్తూ వెళ్తూ
నా అరచెయ్యి లాగి గొట్టం మీద పెట్టాడు.
"అంకె తరవాత సూద్దువు గాని,
ముందు దీన్ని పట్టుకో.
బాగుంటే దూడ మెడలాగుంటాది."
అప్పుడేమీ తెలియలేదు.
ఇవాళ కొంచెం తెలిసినట్టుంది,
లేదా చలికి నా చెయ్యే వణికిందేమో.

తెరువళి దాటాక గేటులో
కుని హికాక ఇప్పటికీ
బండి తోకకేసి పచ్చదీపం ఎత్తుతుందట.
"అక్కడెవరూ లేరు కదా!" అంటే
"చెయ్యికి తెలీదుగా" అంది,
సగం ఒడియాలో, సగం మా మాటలో.

బండి కదిలింది.
ఎర్రచుక్క మిణుకుమంటూ మలుపు తిరిగింది.
సొరంగంలో కాసేపు కబురు తెగుతుంది,
బయటికొస్తే మళ్ళీ అతుక్కుంటుంది.
రిజిస్టరులో సంతకం పెడుతుంటే
జేబులో ఫోను.

మూడున్నర. నారంనాయుడు.
నిద్ర పట్టలేదనలేదు,
ఎలా ఉన్నావనలేదు.
"ఎంతుందిరా?"
"నాలుగు పాయింట్ ఏడండి."
"ఊఁ."
పెట్టేశాడు.