చెట్టు లేని చోట వడ్రంగి

ఓడ దిగిన తొమ్మిది మందిలో
తన పనికి కావలసింది ఇక్కడ ఏదీ మొలవని మనిషి ఒక్కడే.
లిసాంద్రో బర్రియా, వడ్రంగి.
చిలోయే దీవిలో పడవలు కట్టిన చేతులు.
ఈ ఖండం మీద
పళ్లు కుట్టుకుందామన్నా పుల్ల దొరకదు.

వచ్చిన పని ఒకటే:
తిమింగలాల వేట మానేసి వెళ్లిపోయినవాళ్ల గుడిసె
గాలికి కొట్టుకుపోకుండా చూడటం.
నేను మూడు గంటలకోసారి గాలిని కొలిచేవాణ్ణి,
అతను గాలి చేసిన నష్టాన్ని.

గుడిసెలో ప్రతి చెక్కా సముద్రం దాటి వచ్చిందే.
చెద పట్టలేదు, పట్టడానికి చెదపురుగే లేదిక్కడ.
ఉప్పుకి పోగులు పోగులుగా లేచి
ముసలి కుక్క వీపులా ఉంది గోడ.
దాని మీద పెన్సిలు గీతలు.
నాలుగు నిలువు, ఒక అడ్డం.
నాలుగు నిలువు, ఒక అడ్డం.
రోజులు లెక్కపెట్టుకున్నాడు పాపం ఎవరో, అనుకున్నాం.
ఒకచోట మాత్రం ఒకే తేదీ కింద పదిహేడు.
ఒక్క రోజులో పదిహేడు రోజులు గడవవు కదా.

ఆ లెక్క తాలూకు వెన్నుపూసలు
ఒడ్డున నల్ల ఇసుకలో, పీటలంత.
వాటి నీడన గోరంత పచ్చ నాచు.
నిలబడి ఉన్న పక్కటెముక మీద
అలవాటు కొద్దీ బొటనవేలు ఆనించి చూశాడు లిసాంద్రో.
"ఈ వంపున్న కొమ్మ కోసం మా నాన్న
మూడు కొండలు తిరిగేవాడు."
తర్వాత చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

గడ్డం కింద నల్లతాడు కట్టుకున్నట్టుండే పెంగ్విన్లు
ఒకదాని గులకరాళ్లు ఒకటి దొంగిలించి గూళ్లు కడుతున్నాయి.
ఒకటి వచ్చి అతని చిత్రికముక్క ఎత్తుకుపోయింది.
నియమం ప్రకారం వెనక్కి తేవాలి.
ఇద్దరం గాలి వైపు చూస్తూ నిలబడ్డాం.
ఆ ఏడు ఆ గుట్ట మొత్తానికీ
కలప వాడిన గూడు అదొక్కటే.

ఫిబ్రవరిలో పక్క దీవి నుంచి మైతెన్ నవెల్‌కిన్ వచ్చింది,
రాళ్లు చదివే పిల్ల. ఆమె పేరూ ఒక చెట్టు పేరే.
రాత్రి భోజనాల బల్ల మీద, ఉల్లిపాయ తొక్కల పక్కన
ఒక రాయి పెట్టి రెండుగా విప్పింది.
లోపల ఆకు.
అంచున రంపపు పళ్లు, నడుమ ఈనె,
పురుగు కొరికిన చోటుతో సహా.
"అయిదు కోట్ల ఏళ్లు, కొంచెం అటూ ఇటూ."
లిసాంద్రో కళ్లద్దాలు వెతుక్కున్నాడు.
దీపం దగ్గరికి జరిపి ఈనెలు లెక్కపెట్టాడు.
"కొయ్‌వే," అన్నాడు.
"దాని ముత్తవ్వ," అంది ఆమె.
నా చెవికి కొయ్య అని వినిపించింది.
తప్పు తెలిశాక కూడా దిద్దుకోలేదు.

చాలాసేపటికి అడిగాడు:
"అంటే ఇక్కడ వాన పడేదా?"
"పడేది."
"మామూలు వానేనా?"
"మామూలు వానే."
లేచి తలుపు తీశాడు. చలి లోపలికొస్తోందని వంటవాడు తిట్టాడు.
ఎదురుగా హిమానీనదం, చంద్రుడు,
ఆ బరువు కింద
ఎవరూ దూలం కొయ్యని అడవి.

మర్నాడు గుమ్మం పైపలక మార్చాడు.
ఇంటి దగ్గర పొగబెట్టించి, ముద్ర వేయించి తెచ్చిన పలక.
ఏం చెట్టుదని నేను అడగలేదు,
అతను చెప్పలేదు.
మేకు మేకుకీ మధ్య మాత్రం ఆ రోజు ఎక్కువసేపు ఆగాడు.

అలా ఆగినప్పుడే వినబడింది,
అఖాతంలో ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టు.
గూని తిమింగలం. దాని వెనకే ఇంకోటి.
అతని చెయ్యి చెవి మీది పెన్సిలు దాకా వెళ్లింది,
గోడని చూసింది,
మళ్లీ సుత్తి అందుకుంది.
పాత గోడ మీద కొత్త గీత గీయకూడదు.

నేను నా పుస్తకంలో రాసుకున్నాను:
నైరుతి గాలి, ఇరవై రెండు నాట్లు, మబ్బు.
అంచున రెండు గీతలు, నిలువువి.
అడ్డగీతకి ఇంకా రెండు రావాలి.