ఎత్తుల లెక్క

హన్మకొండ చౌరస్తా వెనుక మా ప్రెస్సుకు
పిలక తీసేసిన నంబి వరదయ్య వచ్చిండు,
చంకల ఎర్రట్ట ఖాతాబుక్కు.
"పరకాల దిక్కు ముప్పై ఒక్క ఏండ్లు తీర్థం పోసిన.
ఇది అచ్చెయ్యాలె."

సీసపు అక్షరాలు ఏరుకుంట చదివిన:
పటేలు దోసిలికి ఉద్ధరిణి ఆనింది.
సాలోళ్ళకు బెత్తెడు పైనుంచి.
చాకలి లచ్చవ్వకు జానెడు.
మాదిగ ఓదేలుకు మెట్ల మీది నుంచే,
సగం గాలే తాగింది.

(ఓదేలు మా అయ్య. నేను చెప్పలే.)

దేవుని మీద ఒక్క మాట లేదు,
పుస్తకమంతా చెయ్యి గురించే.
ఎనుమాముల మిర్చి యార్డుల
హమాలీలు తుమ్ముకుంట చదివిండ్రు.
ఊర్ల బావమరిది గంట పట్టిండు,
వరదయ్యకు పిచ్చి లేసిందన్నరు.

ఓ ఎండల పూట మా ఇంట్ల నీళ్ళిస్తే
తలెత్తి, పెదవికి గ్లాసు తాకకుండ
గొంతుల పోసుకున్నడు.
నేను చూసిన.
చూసినట్టు ఆయన చూసిండు.

రెండో అచ్చుకు
ఆఖరి పేజీల ఒక్క వాక్యం కలిపి తెచ్చిండు:
"నా పెదవికి, ఓదేలు కొడుకు గ్లాసుకు నడుమ
ఇంకా రెండంగుళాలు."

ప్రూఫు దిద్దమన్నడు.
తప్పుల్లేవన్న.