నాలుగో వరుస, గోడవైపు

ముప్ఫై ఏళ్ళు పడవల రేవులో టిక్కెట్లు చింపాను.
ఇప్పుడు ఏడాదికి ఆరు రోజులు
ఫైర్ స్టేషన్ వెనక హాల్లో చింపుతాను, జీతం లేకుండా.
పసుపుపచ్చ చొక్కా ఇచ్చారు, టార్చిలైటు ఇచ్చారు,
తలల్ని లెక్కపెట్టే నొక్కుడు మీట ఒకటి.
పూటకో రొట్టె, రెండు టీలు.
మా ఆయనుంటే అనేవాడు:
"నీకు చింపడం తప్ప ఏమొచ్చే, నోల్ఫా!"

చిలోయే దీవిలో ఆగస్టంటే వాన.
వాన కాదు, వానలు.
పక్కకి కొట్టేది, నేలనుంచి లేచేది,
తలుపు తెరిచేదాకా గుమ్మంలో కాచుకునేది.
జనం సినిమా కోసమే వస్తారని నేననుకోను.
హాల్లో కట్టెల పొయ్యి ఉంది.
తడిసిన ఉన్ని స్వెట్టర్లన్నీ ఒక్కసారి ఆవిరి కక్కితే
గొర్రెల మంద ఆటకొచ్చి కూచున్నట్టుంటుంది.

క్లోరిండా అన్ని ఆటలకీ వస్తుంది.
నాలుగో వరుస, గోడవైపు.
సంచిలో ఉడికించిన బంగాళాదుంపలు,
ఒళ్ళో చేతులు,
సముద్రపు నాచు ఏరి ఏరి వంకర్లు పోయిన వేళ్ళు.

గురువారం రాత్రి ఎస్టోనియా సినిమా.
మంచు, ఒక పడవ, ఇద్దరు అన్నదమ్ములు.
మాట్లాడుకోరు. ఎప్పుడైనా మాట్లాడితే
తెర అడుగున తెల్ల అక్షరాలు చీమల్లా పాకిపోతాయి.
పది నిమిషాలకి క్లోరిండా గొంతు:
"ఏమంటున్నాడూ వాడు?"
కాసేపాగి మళ్ళీ: "ఏమన్నాడూ?"
ముందు వరుసలో మెడలు తిరిగాయి.
మాట్లాడేవాళ్ళని ఊరుకోబెట్టడం నా పని.
కాగితం మీద రాసిచ్చారు, మూడో అంశం.

టార్చి నేలకి వేసి, వంగి, "ష్" అనబోయాను.
అప్పుడు తట్టింది.
అన్నేళ్ళూ నా కిటికీ ముందు నిలబడి
"ఇప్పుడే పడవుందో నువ్వే చెప్పు" అని నవ్వేది.
పట్టిక నా నెత్తిమీదే ఉండేది, బెత్తెడు అక్షరాలతో.
పరాచికం అనుకునేదాన్ని.

పక్క కుర్చీలో కూలబడ్డాను,
చెవిలో చదివి పెడదామని.
నా కళ్ళజోడేమో ఇంట్లో, రేడియో మీద.

ఇంకేం చెయ్యను, కల్పించాను.
పెద్దాడు పడవ అమ్మేశాడన్నాను.
చిన్నాడికి చెప్పలేదన్నాను.
తలుపు కొట్టినవాణ్ణి అప్పులవాణ్ణి చేశాను.
అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు;
నాది అతకడం మానేసి తెడ్లు వేసుకుని పోసాగింది.
చివర్న చిన్నాడు మంచులో చెయ్యెత్తి నిలబడితే
"పోనీలే అన్నయ్యా అంటున్నాడు" అన్నాను.
ఆమె ఒక దుంప తీసి నా అరచేతిలో పెట్టింది.
ఇంకా వెచ్చగానే ఉంది.

దీపాలు వెలిగాయి.
దర్శకుడు ముందుకొచ్చాడు. తావెట్ అట పేరు,
జలుబుతో ముక్కు ఎర్రబడ్డ కుర్రాడు,
పక్కన మాట మార్చి చెప్పడానికి బడిపంతులమ్మ.
ప్రశ్నలున్నాయా అంటే
క్లోరిండా చెయ్యి లేచింది.
నా గుండె జారి బూట్లలో పడింది.

"ప్రశ్న కాదు నాయనా.
పడవ అమ్ముకున్న అన్నని ఆ చిన్నాడు పోనీలెమ్మన్నాడు చూడు,
అది బావుంది.
మా తమ్ముడూ అమ్మాడు, నాకు చెప్పకుండా.
నేనింకా అనలేదు."

పంతులమ్మ నావైపు చూసింది.
రేకులమీద వాన కాసేపు మాట్లాడింది.
తర్వాత ఆమె ఏం మార్చి చెప్పిందో నాకు తెలీదు.
ఆ కుర్రాడు మాత్రం కాదనలేదు, ఔననలేదు,
జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి
వెనకవైపు ఏదో రాసుకున్నాడు.

ఓటు చీటీమీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.
నచ్చినంత దగ్గర చింపి డబ్బాలో వెయ్యాలి.
"నువ్వే చింపు, నీకలవాటు" అని నా చేతికిచ్చింది.
ఐదు దగ్గర చింపాను. ఇదీ నా పని కాదు.

శాలువా కప్పుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగింది.
"కెవీ దీవికి పొద్దున్న మొదటి పడవ ఎన్నింటికి?"
అక్కడ ఎవరున్నారని నేనడగలేదు.

ఏడూ పదికి, అన్నాను.
గాలి లేకపోతే.