బుగులుకు జీరో టికెట్టు

పొద్దుగాల నాలుగున్నరకు
దేవరకొండ డిపోల బండి ఇంకా దగ్గుతుండంగనే
అది ఎక్కుతది.
ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టదు, తలుపు సప్పుడు చెయ్యదు,
టికెట్టు మిషన్ పట్టుకున్న నా ఏళ్లల్లకెల్లి ఎక్కుతది.

ముందుగాల అరిచేతుల చెమట.
ఆనక కాకి కోటు కింద గుండె
గతుకుల తొవ్వల పాతబస్సు అద్దం లెక్క గిలగిల.
కొండమల్లేపల్లి రాకముందే
ఊపిరి సగం దాకా వచ్చి
ఏదో మర్సిపోయినట్టు ఎనుకకు మళ్లుతది.

ఏం కాలేదు. అదే కష్టం.
మోయలేని అప్పు లేదు, ఇంట్ల కొట్లాట లేదు,
పిల్లగాడు ఏడో తరగతి, మంచిగనే సదువుతడు.
"ఏమైందే జంగమ్మా" అంటే
చూపెట్టనీకి గాయమన్న ఉండాలె కద.

మా అత్త గాలి సోకిందన్నది.
లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కిచ్చి దారం కట్టిచ్చింది.
దారం ఇంకా చేతికే ఉన్నది, రంగు ఎలిసింది.
నల్లగొండ దవాఖాన్ల సన్నపు డాక్టరమ్మ
కాయిదం మీద పేరు రాసింది. పొడుగు పేరు,
నాకు నోరు తిరగలే.
మా దిక్కు దానికి మూడక్షరాలే: బుగులు.
దానికో చెల్లె ఉన్నది, రంది.
అక్క నాతోని బండెక్కుతది,
చెల్లె సెలవు రోజు కోసం ఇంట్ల కాసుక్కూసుంటది,
మీదికెల్లి దుప్పటి తియ్యనియ్యదు.
ఓనాడు పాలు పొంగుతుంటే చూసుకుంట నిలబడ్డ.
చెయ్యి లేవలే.
పాలే పొయ్యిని ఆర్పినయి.

దసరా ముందట, గుర్రంపోడు దాటినంక
బండి నిండ జనం, మిషన్ల రోల్ అయిపోయింది,
కొత్తది ఎక్కియ్యబోతే చేతులు నావి కావు.
మెట్ల మీద కూలవడ్డ.
తండా నుంచి సీతాఫలాల గంపతోని సక్రీబాయి.
ఏమైందని అడగలే.
గంప తీస్కొచ్చి నా ఒళ్లె పెట్టింది.
"కండ్లు విచ్చినయి ఏరు బిడ్డా,
అంగట్ల ముందుగాల గవే అమ్మాలె."

ఒకటి, గట్టిది.
రెండు, గట్టిది.
మూడో కాయ పచ్చటి కండ్ల నడుమ తెల్లటి గీతలు,
బొటనేలు పెడితే మెత్తగ లోపటికి ఒంగింది.
పదకొండో కాయ కాడ ఊపిరి నిండుగ ఆడింది.
పదకొండని ఎట్ల యాదికున్నదంటే
పన్నెండోది పురుగు పట్టింది.

దిగేటప్పుడు ఆధార్ కార్డు తీసింది.
నేను జీరో టికెట్టు కొట్టిచ్చిన.
"ఉత్తగనే ఇంత దూరం తెచ్చినవ్" అన్నది.
నాకు మాట రాలే.

మరునాటి సంది
అది ఎక్కంగనే అడుగుత:
ఏ ఊరు నీది? యాడ దిగుతవ్? కార్డు చూపియ్.
కార్డుండదు దాని తాన.
చెకింగోళ్లొస్తె లెక్క తప్పుతదని
రోల్ చివర మిగిలిన ఉత్త కాయిదం చింపి దాని చేతుల పెడత.
సీటు దొరికేదాక నిలబడు, అందరి లెక్కనే.
డ్రైవర్ మీదికి ఒంగకు.

ఒకనాడు కనగల్‌ల దిగిపోతది.
ఒకనాడు నల్లగొండ దాకా వచ్చి
చాయ తాగి మళ్ల నాతోనే ఎనుకకొస్తది.
రాత్రి గోలి మర్సిపోతనని
డ్రైవర్ జానయ్య రోజూ అడుగుతడు,
డీజిల్ కొట్టిచ్చినమా అన్నంత మామూలుగ.

నిన్న
డిగ్రీ పిల్ల ఒకతి ముందు సీట్ల
పుస్తకాన్ని గట్టిగ పట్టుకున్నది, ఏళ్లు తెల్లగైనయి.
నోరు తెరిచి గాలి మింగుతున్నది.
తెలుసు నాకు ఆ మింగుడు.
చిల్లర సంచి ఆమె ఒళ్లె గుమ్మరిచ్చిన.
"జర ఒంటివి, రెండువి, ఐదువి వేరు చెయ్ బిడ్డా,
నాకు కండ్లు కనవడుత లేవు."

కనగల్ దాకా ఒక్క మాట లేదు.
బిళ్లల సప్పుడే.

డిపోల లెక్క కట్టంగ రెండు రూపాయలు తక్కువొచ్చినయి.
నేనే ఏసిన.