తోలు లేని తాళం

పెరంబూరు. క్యారేజి వర్క్స్ గోడ వెనక సందు.
డోరీన్ ఆంటీ మేడమీద మంగళవారాలు టాంగో.
నేనక్కడ స్పీకర్లు మోసే మనిషిని.
దానికి ముందు, ఇరవై ఆరేళ్లు,
కోడంబాకం రికార్డింగుల్లో ఢోలక్.

మొదటిరోజు ముల్లు రికార్డు మీద వాలగానే అడిగాను:
"డోలేదీ?"
"ఉండదు ధనకోటీ," అంది, చెప్పులు మార్చుకుంటూ.

ఉండదట.
నాకు అలవాటైన మాటే.
ఒక శుక్రవారం స్టూడియోకి ఒక పెట్టె వచ్చింది,
మీటలతో, ఒక్క వేలికి లయంతా.
"ఉంటే ఫోన్ చేస్తాంలే" అన్నారు.
ఆ ఫోను కోసం మా ఇంట్లో ల్యాండ్‌లైను
పదకొండేళ్లు ఉంచుకున్నాం.

అందుకే ఈ అర్జెంటీనా వాళ్లమీద ముందు కోపమొచ్చింది.
నాలుగు వయొలిన్లు, ఒక పియానో, మనిషెత్తు బేసు,
మోకాలిమీద తెరుచుకుని మూసుకునే బాండోనియన్లు,
మన హార్మోనియానికి మేనత్త పిల్లలనుకోండి.
కొట్టేవాడు ఒక్కడూ లేడు.
మరి నా మడమ ఎందుకు లేస్తోంది?

వెతికాను, బస్సులో జేబు కొట్టినవాణ్ని వెతికినట్టు.
కొంత పియానో ఎడమచేతిలో దొరికింది.
కొంత, బేసు కమాను తీగని కరిచే చోట.
పాడాల్సిన వయొలిన్లు
టకటకా పచ్చిమిరపకాయలు తరుగుతున్నాయి.
బాండోనియన్ తిత్తి మోకాలికి తగిలి
ఊపిరి విరిగే చోట నా 'ధా' ఉంది.
అచ్చంగా నాదే. గుర్తుపట్టాను.

డోలును తీసెయ్యలేదు వీళ్లు.
తలా కాస్త పంచుకున్నారు,
పెళ్లికి వంటవాడు రాకపోతే
పిన్నమ్మలంతా గరిటెలు పట్టినట్టు.

ఇదిగో ఇప్పుడు,
కోచ్ ఫ్యాక్టరీ ఫిట్టర్ ఇళంగో, బ్లడ్ బ్యాంక్ మెర్సీ సిస్టర్
నాలుగడుగులు నడిచి, ఐదోది దాచుకుని,
ఒక్క లిప్త ముందే తిరిగిపోయారు.
తాళమే వెనక పరిగెత్తుకొచ్చి వాళ్లని అందుకుంది.
అవతల అరక్కోణం లోకల్ పట్టాలు మారుతూ పోయింది.
దానికీ లయ తప్పలేదు,
లేక తప్పితే వీళ్లే కలుపుకున్నారో.

ముగింపు ఒక్కటే నాకింకా మింగుడుపడదు.
మేమైతే మూడుసార్లు చెప్పి మరీ ముగిస్తాం,
వీధి చివరిదాకా వినపడేలా.
వీళ్లు ఝాం అని గట్టిగా ఒకటి వేసి
రెండోది, అసలుది,
వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర
చెప్పీ చెప్పనట్టు వదిలేస్తారు.

ఆ రెండోదాన్ని ప్రతి మంగళవారం
స్పీకరు పెట్టె మీద నేను వేస్తున్నాను.
వేలి కొసతో. ఎవరికీ వినపడదు.
డోరీన్ ఆంటీ మాత్రం
ఒకసారి ఇటు చూసింది.