అర్థం చెప్పే మనిషి

మా నాన్న పేరు కృపావరం.
కృపావరాలు ఆగిపోయాయని
నలభై ఏళ్లు బోధించాడు.
ఈ మాటకి మెట్టుగూడలో నవ్వనివాళ్లు లేరు,
ఆయన తప్ప.

లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు.
ఘాటెక్కేదాకా వెనకనుంచి ఇంకో ఇంజను తోస్తుంది,
పైకొచ్చాక కొక్కెం తీసేస్తారు,
సూచకక్రియలూ అంతే, అనేవాడు.
అపొస్తలులతోనే తీసేశారు.
ఇప్పుడు బండి వాక్యం మీద నడుస్తోంది.

ఆదివారం పొద్దున
తెల్లగుడ్డ పరిచిన బల్ల, వాయిద్యం లేని పాట,
ఒక్క రొట్టె, ఒక్క గిన్నె,
మధ్యమధ్య గోడగడియారం.

ఆదివారం సాయంత్రం నేను
మెట్రో పిల్లరు పక్కన, టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో
చేతులతో బతుకుతాను.
పాస్టరు గారి మాటల్ని చెవిటివాళ్ల వరసకి
సైగల్లో అందించడం నా పని.
నెలకి నాలుగు వేలు, క్రిస్మస్‌కి చీర.
నాన్నకి తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

అన్యభాషలు మొదలవగానే నా చేతులు ఆగిపోతాయి.
కీబోర్డు పెరుగుతుంది, పాస్టరు గారి గొంతు
గట్టు తెగిన కాలవలా పొర్లుతుంది.
మొదటి కుర్చీలో యెమీమా నా వేళ్లకేసే చూస్తుంటుంది.
ఏమంటున్నాడు?
తెలీదు.
ఆయనకి తెలుసా?
తెలీదు.
మరెవరికి?
వేలు పైకి చూపిస్తాను.
పైన సీసీ కెమెరా.
ఆమె నవ్వుతుంది, ఎంత పెద్దగా అంటే
తన నవ్వు ఎంత పెద్దదో తనకి తెలీదు.

ఓసారి ఆమె చెవుల మీద చేతులుంచి
తెరుచుకో, తెరుచుకో అని అరిచారు.
కళ్లు మూసుకోమన్నారు. మూసుకోలేదు.
మూసుకుంటే నేను వినేదెలాగ,
అని తర్వాత నన్ను అడిగింది.

వీధిలో బోనాల డప్పులు మోగుతున్న రాత్రి
నాన్న కుడివైపు పడిపోయింది.
గాంధీ ఆసుపత్రి, ముప్పై ఒకటో మంచం.
నోరు కదిలింది.
వచ్చినవి మాటలు కావు.
తరి కెల బో.
తరి కెల బో.
డాక్టరమ్మ దానికి ఏదో పేరు చెప్పింది.
నాకు పేరు గుర్తులేదు గానీ
ఆ ధ్వని మాత్రం ఆదివారం సాయంత్రాల నుంచి తెలుసు.
రెండో అంతస్తులో అయితే స్తోత్రం అనేవాళ్లు.
ఇక్కడ స్కానింగుకి రాశారు.

సంఘం పెద్దలొచ్చారు.
బెంచీ అంచున కూర్చుని,
ప్రభువు చిత్తమైతే, అన్నారు.
పాస్టరు గారొచ్చి
నుదుటికి నూనె రాసి, రోగాన్ని గద్దించారు.
పక్కమంచం ముసలాయన భయపడి లేచి కూర్చున్నాడు.
నాన్న ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాడు.
తరి కెల బో.
ఎవరూ అర్థం చెప్పలేదు,
అర్థం చెప్పినందుకు జీతం తీసుకునే నేనూ.

గురువారం యెమీమా వచ్చింది, స్టీలు డబ్బాలో జావతో.
ఆయన నోటికేసి చూడలేదు. ఎందుకు చూస్తుంది?
దుప్పటి మీద ఎడమచేతిని చూసింది.
బొటనవేలూ చూపుడువేలూ కలిసి
చిన్నగా, మళ్లీ మళ్లీ, దేన్నో తిప్పుతున్నాయి.
నాలుగు రోజులుగా అది వణుకే అనుకున్నాను నేను.

లేచి గోడ దగ్గరకెళ్లి
ఫ్యాను రెగ్యులేటరు
నాలుగు నుంచి రెండుకి తిప్పింది.

ఆ చెయ్యి ఆగింది.
నలభై ఏళ్లు బల్ల గుద్దిన చెయ్యి
పావురంలా దుప్పటిలో ముడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను,
అది వరమేనా?
చిలకలగూడ దాకా ఆలోచించింది.
ఆయనకి చలేసింది, అంది చేతులతో.
ఇంకేదో అనబోయి జావడబ్బా మర్చిపోయానంది,
రేపు తెస్తాలే అన్నాను,
మూత జాగ్రత్త అంది.

ముందుసీటు పిల్లాడు వెనక్కి తిరిగి
మా వేళ్లకేసి చూస్తూ వాళ్లమ్మ కొంగు లాగుతున్నాడు:
ఏమంటున్నరే వీళ్లు?