ఒకరోజు ముందు

పరీక్ష రేపు.
ఇయ్యాల దారి చదువుకుందామని బయలెల్లిన.
చంకల ఐదు నెలల పిల్ల,
సంచిల హాల్‌టికెట్ జిరాక్సులు రెండు,
ఒకటి తడిస్తే ఇంకోటి ఉంటదని.

పోయినేడు ఫోన్ల మ్యాపును నమ్మిన.
అందులోని ఆడగొంతు
"మీరు చేరుకున్నారు" అని చల్లగ చెప్పినప్పుడు
నా ముందర ఉన్నది ఇటుకల బట్టీ.
అదే పేరుతో ఇంకో కాలేజీ, గుట్ట అవతల.
అప్పటికి నాకు రెండు నెలలు,
ఇంట్ల ఎవలకూ చెప్పలే.
ఉరికిన. చెప్పు తెగింది.
గేటు కాడికి చేరేసరికి
టైము దాటి ఒక్క నిమిషం.
నేను చూస్తుండంగనే
ఊచలకు గొలుసు చుట్టిండ్రు.
ఆ చప్పుడు
నైట్ డ్యూటీల సెలైన్ స్టాండు జరిపినప్పుడల్లా
ఏడాదంతా వినొచ్చింది.

అందుకే ఈసారి
బోరబండల రైలెక్కి, సికింద్రాబాదుల దిగి,
ఘట్‌కేసర్ బస్సుల కిటికీ పక్కన కూసున్న.
ఒక మోకాలి మీద పిల్ల, ఒక మోకాలి మీద కాగితం.
పెన్సిల్‌తో రాసుకుంట వచ్చిన:
ఉప్పల్ దాటనీకి ఇరవై రెండు నిమిషాలు.
సగంల ఆగిన పిల్లర్ల కాడ ఇంకో తొమ్మిది.
మీసాలాయన పుట్టినరోజు ఫ్లెక్సీ కాడ కుడికి.

"ఫ్లెక్సీ కొట్టెయ్ అమ్మా,"
అన్నడు షేర్ ఆటో ఖలీల్ భాయ్, అద్దంల నన్ను చూసుకుంట.
"రాత్రికి రాత్రే మొఖం మారుతది.
ధరమ్‌కాంటా రాస్కో, అది యాడికీ పోదు.
గాడ బర్రెలుంటయ్,
వాటిని గూడ నమ్మకు."
మీసాలాయనను కొట్టేసిన.
బర్రెలను రాయనే లేదు.

గేటు కాడ ఒక కాలు విరిగిన కుర్చీ,
ఆ కాలు కింద ఇటుక,
కుర్చీల జంగయ్య.
"లోపలికి ఆర్డర్ లేదు బిడ్డా" అని
ఊచల నడుమ నుంచే చెయ్యి చాపి చూపిండు:
ఆ మెట్లు, ఎడమకు, మూడో అంతస్తు.
లిఫ్టున్నది గని నడువది.
కడుపు మీది కుట్లను ఒకసారి తడుముకొని
మూడంతస్తులకు ఆరు నిమిషాలు
అని రాసుకున్న.

నా ఎనుక ఇంకొకలు వచ్చిండ్రు.
తెల్లకర్ర పట్టుకున్న పిలగాడు, తోడు వాళ్ళక్క.
రోడ్డు నుంచి గేటు దాక
పెదవుల మీదనే లెక్కబెట్టుకుంట వచ్చి
"మూడు నూట పన్నెండు" అన్నడు, ఎవలతోనో కాదు, కర్రతో.
తర్వాత నా పిల్ల కేరింత దిక్కు తిరిగి
"అక్కా, నూట నలభై కాడ మూత లేని మోరీ ఉన్నది,
ఎడమకు జరుగుండ్రి" అన్నడు.
రెండు కండ్లతో నడిచొచ్చిన,
నేను దాన్ని చూడనే లేదు.

ఇగ మిగిలింది పిల్ల సంగతి.
మూడు గంటలు మా ఆయన దీన్నెత్తుకొని
యాడ నిలబడాలె?
చుట్టూ ప్లాట్ల రాళ్ళు,
సున్నం కొట్టిన నంబర్లు,
పిడికెడు నీడ లేదు.
ఎదురుంగ ఒక్కటే కిరాణా కొట్టు.
బుచ్చమ్మ నా మాట సగంలనే అందుకొని
"బియ్యం బస్తాల ఎనుక చీర ఉయ్యాల కడత, తీస్కరా" అన్నది.
కిరాయెంతవ్వా అంటే నవ్వింది.
"కిరాయేంది? రెండు బిస్కెట్ పుడలు కొను.
పాలు తాపాల్నంటే గా పరదా గుంజుకో."

అన్నీ రాసుకున్న.
పోయే ముందు జంగయ్యతో
"రేపు యాదుంచుకో తాతా, నేనే" అన్న.
"రేపు నేనుండ బిడ్డా.
పరీక్షల నాడు ఏజెన్సోళ్ళు వేరేటోళ్ళను తెస్తరు,
ఎవల మొఖం ఎరుగనోళ్ళను."

కాగితం నిండ ఉన్న గుర్తులల్ల
ఈయన పేరు గూడ కొట్టేయాలె.

గేటుకు గొలుసు వేలాడుతున్నది.
పట్టుకొని చూసిన.
ఎండకు సురుక్కుమన్నది.
గింత తేలికగుంటదని
అనుకోలే.
పిల్ల ఒంగి
దాన్ని నోట్లె పెట్టుకోబోయింది.